నాన్న స్వెట్టరులో ముడులు

ట్రంకుపెట్టె మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పున ముక్కుకి కొట్టింది. దాని వెనకే, తొందరేమీ లేనట్టు, ఇంకో వాసన వచ్చింది. పాత ఊలు వాసన. వానలో తడిసి వసారాలోకి చేరిన మేకపిల్ల దగ్గర వచ్చే వాసనకి చుట్టం లాంటిది, కాకపోతే ఎండిపోయి ముసలిదైపోయింది. అమ్మ పోయి మొన్న మాఘమాసానికి ఏడాది. పెట్టె తెరవొద్దని నన్నెవరూ ఆపలేదు గానీ నాకే చెయ్యి రాలేదు. విజయనగరంలో మా ఇంట్లో, ఆవిడ పడుకునే గదిలో, మంచం కిందే ఉండిపోయింది. పైన రెండు నేత చీరలు, వాటి కింద నాన్న డ్యూటీ ఈల, చిరిగిన ఆకుపచ్చ జెండా, ఒకప్పుడు వంటింట్లో ఉల్లిపాయలు వేసి వేలాడదీసిన వలసంచి, అట్టడుగున తువ్వాలులో చుట్టిన మూట. విప్పకుండానే అందులో ఏముందో తెలుసు నాకు. నా తొమ్మిదో ఏటి నుంచీ తెలుసు.

మా వైపు వాళ్ళకి స్వెట్టరుతో పనేమిటని నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. ఉక్కపోతకి ఒళ్ళంతా పేలిపోయే ఊళ్ళు మావి. చలికాలమంటే ధనుర్మాసంలో తెల్లారగట్ల నాలుగు రోజులు దుప్పటి చెవుల దాకా లాక్కోవడం, పొద్దున్నే పెరట్లో ఎండాకులు పోగేసి మంట వేసుకోవడం, ఆ బూడిదలో కాల్చిన తేగలు పుల్ల లాగి, పీచు పీకి, ఊదుకుంటూ తినడం, అంతే. కానీ మేముండేది కొత్తవలస రైల్వే క్వార్టర్సులో. అక్కణ్ణించి ఇనప గనులున్న కిరండూలు వెళ్ళే లైను చీలి కొండలెక్కుతుంది. మా పెరట్లో జామచెట్టు కింద చెమట తుడుచుకుంటూ బయల్దేరిన మనిషి, సొరంగం తర్వాత సొరంగం దాటి పైకి చేరేసరికి పళ్ళు టకటకా కొట్టుకునే లోకంలో ఉండేవాడు. ఆ మనిషి మా నాన్న. గూడ్సు బండికి గార్డు.

బండి చివరి పెట్టెలో, నాలుగు వైపులా గాలి కొట్టే చోట, ఒక్కడే కూర్చునేవాడు. ముందు ఇంజను ఎక్కడో కొండ మలుపు అవతల ఉంటుంది, పలకరించే నాథుడు ఉండడు. రెండు రోజులకో మూడు రోజులకో పొద్దున్నే ఇంటికొచ్చేవాడు, చొక్కా మడతల్లో, చెవుల్లో, కనుబొమల్లో ఇనప రాయి ఎర్ర ధూళి పెట్టుకుని. అమ్మ కాగులో నీళ్ళు మరగబెట్టి ఉంచేది. నాన్న స్నానం చేసిన నీళ్ళు పసుపు కుంకం కలిపినట్టు తూములోంచి ఎర్రగా పోతుంటే నేను కాయితం పడవలు వేసేదాన్ని. ఆ తరవాత చోడి అంబలి, అదే రాగిజావ, తాగి, దగ్గి, మళ్ళీ తాగేవాడు. ఆ దగ్గు మా ఇంటి గోడగడియారం లాంటిది. ఉన్నంతకాలం ఎవరికీ వినపడలేదు, అమ్మకి తప్ప.

"మావా, ఈయేడు నీకు స్వెట్టరల్లీసి గానీ కొండెక్కనివ్వను," అంది ఓ రోజు. నాన్న నవ్వాడు. "వలా, స్వెట్టరా?" అన్నాడు.

ఆ ఎగతాళికి కారణం ఉంది. నాన్నది గజపతినగరం దగ్గర వరి, నువ్వులు పండించుకునే రైతుల ఇల్లు. అమ్మది భావనపాడులో సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళ ఇల్లు. ఉద్యోగంలో కొత్తగా చేరి నాన్న ఆ వైపు ఉన్నప్పుడు, స్టేషన్లో ఓ పిల్ల నెత్తళ్ళ చేపల గంప తలకెత్తమని అడిగిందట. ఎత్తాడు. ఆ గంప దించలేక పెళ్ళి చేసుకున్నానని చెప్పేవాడు. నాన్నమ్మకి మాత్రం అది పరాచికం కాలేదు. ఏటా నువ్వులు కోశాక మా ఇంటికొచ్చి నెల్లాళ్ళు ఉండేది. అమ్మ వండిన ఆవ పెట్టిన పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకుని తిని మరీ "వాసనొస్తంది" అనేది. అమ్మ పేరు ఆవిడ నోట నేను వినలేదు. "వల సెయ్యిదానా" అని పిలిచేది.

వేసవి సెలవులు భావనపాడులోనే. ఇసకలో ఆరబోసిన చేపల మీద కాకుల్ని తోలడం, తాటిముంజెలు బొటనవేలితో తోడుకోవడం, మధ్యాహ్నం పాక నీడలో తాత పక్కన చేరడం. తాత అంటే అమ్మ నాన్న. వెదురు పుల్లకి దారం చుట్టుకుని వల అల్లుతూ ఉండేవాడు. ఆయన చేతికి చూపక్కర్లేదు, చూపు సముద్రం మీద, ముడి వల మీద. వలలో ఒక్కో గడిని కన్ను అంటారు. కన్నుకీ కన్నుకీ మధ్య పడే ముడి చేప గింజుకునే కొద్దీ బిగుసుకోవాలే గానీ జారకూడదు. ఆ ముడి నాకు నేర్పమని వారం రోజులు ప్రాణం తీశాను. నేర్పాడు. నేను ఎడమచేతి వాటం దాన్ని. మా వైపు పుర్రసెయ్యి అంటారు. నా మొదటి ముడి చూసి తాత బోసినోటితో పడీపడీ నవ్వాడు.

"ఒసే గుంటా, నీ ముడి అటు మొకం పెట్టినాదే! మనింట్లో ఏ ముడైనా కొస కుడేపుకి పోతాది. నీది ఎడమేపుకి పోయినాది సూడు."

"తప్పా తాతా?"

"తప్పేటి? గట్టిగానే ఉన్నాది. నీ ముడి ఎక్కడున్నా పోల్చీగల్ను, అంతే."

పడవలన్నీ ఒడ్డున ఉన్నప్పుడు ఎవరి వల ఎవరిదో వాళ్ళకి ముడిని బట్టే తెలిసిపోయేది. బొటనవేలు అలా పోనిచ్చి, ఇది ఫలానావాడి చెయ్యి అనేవాళ్ళు. అమ్మ పన్నెండేళ్ళ వయసుకే తాత కంటే జోరుగా అల్లేదట. మా వంటింట్లో ఉల్లిపాయల వలసంచి ఆవిడ పెళ్ళికి ముందు అల్లుకుని తెచ్చుకున్నదే.

స్వెట్టరల్లిక మాత్రం పక్క క్వార్టరు మావుసి నేర్పింది. మావుసి అంటే ఒడియాలో పిన్ని. ఆవిడ భర్తా రైల్వేయే. మధ్యాహ్నం పప్పు గిన్నెలు తోముకున్నాక రెండు ఇళ్ళ మధ్య గోడ నీడలో చాప వేసి, ఆవిడ సగం ఒడియాలో, సగం తెలుగులో చెప్పేది, అమ్మ పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునేది. అల్లిక సూది మీద వరసగా ఉండే ఊలు ఉచ్చుల్ని అమ్మ కన్నులనే అంది. మొదట నాకో కోతిటోపీ అల్లింది. వల బిగించే చేతితో అల్లింది కాబట్టి అది తలకి దిగలేదు. నేలమీద పెడితే బుట్టలా నిలబడింది. మావుసి నీళ్ళు పోసి చూసింది, కాసేపు ఆగాయి కూడా. అందరం కడుపు పట్టుకుని నవ్వాం. బిగువు తగ్గించుకోమంటే తరవాతి మఫ్లరు మరీ తగ్గించేసింది. మొదట్లో జానెడు వెడల్పు, చివరికొచ్చేసరికి మూరెడు. నాన్న దాన్ని వీధి అంతా భుజమ్మీద వేసుకు తిరిగి, "మా ఆవిడ నాకు సముద్రం అల్లినాది" అని చాటాడు.

ఊలు విజయనగరంలో కొన్నాం. దసరా వెళ్ళిన మంగళవారం అమ్మవారి జాతరలో ఊరేగించే పొడుగాటి మాను, సిరిమాను, చూడ్డానికి వెళ్ళినప్పుడు. జనంలో నాన్న భుజాలెక్కి సిరిమాను చూశాను. కొనకి కట్టిన పీట మీద కూర్చున్న పూజారి ఆకాశంలోంచి ఊగుతూ వస్తుంటే అందరూ అరటిపళ్ళు విసురుతున్నారు. అక్కణ్ణించి నలిగిపోయి బయటపడి కొట్టుకెళ్ళాం. ఇనప ధూళి పడ్డా కనపడని రంగు కావాలన్నాడు నాన్న. వక్క రంగు తీయించింది అమ్మ. లచ్చిలు లచ్చిలుగా ఉండేది అప్పుడు ఊలు. ఇంటికొచ్చాక నేను రెండు చేతులూ చాపి కూర్చుంటే లచ్చి నా చేతులకి తొడిగి, కొస లాగి అమ్మ ఉండ చుట్టేది. చేతులు పీకేవి, ముక్కు దురద పుట్టేది, గోక్కోడానికి లేదు. అయినా ఇంకో లచ్చి ఉంటే బాగుణ్ణనిపించేది. అంతసేపు అమ్మ ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూసే పని మరోటి లేదు.

కార్తీకమంతా అల్లింది. తులసికోట దగ్గర దీపం పెట్టి వచ్చి, అన్నం ఉడికేలోపు నాలుగు వరసలు. వీపు ముక్క పూర్తయింది. ముందు ముక్క మొదలైంది. మావుసి ఒక్కటే హెచ్చరించింది. ఊలుకి మధ్యలో ముడి వెయ్యకూడదు. వాళ్ళింట్లో పిల్లల స్వెట్టర్లు ఏటా విప్పేసేది ఆవిడ. ఉంగరాలు తిరిగిన ఊలుని ఉతికి, చివర రాయి కట్టి వేలాడదీసి సాగదీసి, ఎదిగిన కొలతకి మళ్ళీ అల్లేది. కొస లాగితే మొత్తం విడి రావాలి, అదీ దాని పద్ధతి. అమ్మకి ఇది మహా విడ్డూరం. "విడిపోడానికి అల్లుతారేటి మావుసీ?" అని బుగ్గ నొక్కుకుంది.

ఇక నా నిర్వాకం చెప్పాలి. అల్లిక ముట్టుకోవద్దని అమ్మ గట్టిగానే చెప్పింది. పుర్రచేత్తో అల్లితే వరస తిరగబడిపోతుందని. వద్దన్న పని చెయ్యకపోతే నిద్ర పట్టని పిల్లని నేను. అమ్మ సాయంత్రం కుళాయి దగ్గరికి వెళ్ళేది, అక్కడ వరసలో బిందె పెడితే అరగంటకి తక్కువ కాదు. మొదటి రోజు రెండు కన్నులు అల్లాను, ఏమీ కాలేదు. రెండో రోజు సూది జారింది. ఏడెనిమిది కన్నులు సూది మీంచి ఊడి, కిందకి, ఇంకా కిందకి, నిచ్చెన మెట్లలా జారిపోయాయి. బయట బిందెల చప్పుడు. అప్పుడు గుర్తొచ్చింది తాత ముడి. ఊలు ముక్క తెంపి, జారిన కన్నుల్ని పట్టి పక్కవాటితో కలిపి ముడేశాను. లాగి చూశాను, కదల్లేదు. పైకి కనపడనే లేదు. బుద్ధున్న పిల్లయితే అక్కడితో మానుకోవాలి. నాకు గర్వమొచ్చింది. తప్పు చేసినా దిద్దుకునే విద్య నా దగ్గరుంది గదా అని, నాన్న స్వెట్టరులో నా చెయ్యి కూడా పడాలని, వారం రోజులపాటు రోజుకింత అల్లాను. జారినప్పుడల్లా ముడేశాను. ఎన్నో లెక్కపెట్టలేదు.

ధనుర్మాసం సగంలో నాన్న డ్యూటీ దిగి వచ్చిన రోజు, ముందు ముక్క అతని ఛాతీకి ఆనించి చూసింది అమ్మ. రెండు పక్కలా నాలుగేసి వేళ్ళు తక్కువొచ్చింది. మళ్ళీ బిగువే. మావుసి తేలిగ్గా తీసేసింది. కింది పట్టీ దాకా విప్పేసి, పది కన్నులు పెంచి అల్లితే వారం రోజుల పని, అంది. అమ్మ కూర్చుని కొస లాగింది. ఊలు సరసరా వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. సరసరా వచ్చి వచ్చి, టక్కున ఆగింది.

లాగింది. లాగేకొద్దీ ముడి బిగుసుకుంది. దాని పుట్టుకే అందుకు గదా. సూది మొనతో పొడిచింది, పంటితో పట్టింది, ఊలు పీచులేచి ముద్దయింది గానీ ముడి ఊడలేదు. కత్తెరతో తెంపింది. రెండు వరసలు పోయాక ఇంకోటి. మళ్ళీ తెంపింది. చూస్తుండగానే చాప మీద వక్క రంగు ముక్కలు, జానెడు కొన్ని, మూరెడు కొన్ని. మావుసి చేత్తో నోరు మూసుకుని, "ఎవరేశారు ఇన్ని ముడులు?" అంది.

అమ్మ కత్తెర పక్కన పెట్టింది. ఇంకా మిగిలి ఉన్న అల్లిక ఒళ్ళో పరుచుకుని, ఒక ముడి మీద బొటనవేలు పెట్టింది. అటూ ఇటూ రెండుసార్లు రాసింది. తలెత్తి నా వంక చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా గుమ్మం చెక్క మీద గోరుతో గీతలు గీస్తున్నాను.

"నాదే తప్పు మావుసీ," అంది అమ్మ. "వల సెయ్యి గదా. ఏదో ద్యాసలో ముడేసుకుంటా పోనాను."

నాన్న మళ్ళీ నవ్వాడు, దగ్గాడు, "పోనీలే, వచ్చే ఏడు కొండ అక్కడే ఉంటాది గదా" అన్నాడు. విజయనగరం కొట్లో ఆ రంగు అయిపోయిందన్నారు. తెగిన ముక్కలు కలిపి అల్లితే ఛాతీ నిండా గుచ్చుకుంటాయి. అమ్మ వేరే రంగు కొని మొదలెట్టేలోపు పుష్యమాసం వచ్చింది. ఆ ఏడు కొండ మీద మంచు గడ్డి మీద తెల్లగా పేరుకుందని నాన్నే వచ్చి చెప్పాడు, ఆ వెడల్పాటి మఫ్లరు తలకీ ఛాతీకీ చుట్టుకుని, వణుకుతూ. జ్వరం తగ్గలేదు. విశాఖపట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రెండు ఊపిరితిత్తులకీ నెమ్ము పట్టిందన్నారు. మాఘమాసంలో మా క్వార్టరు ముందు షామియానా వేశారు. మావుసి నన్ను వాళ్ళింట్లో కూర్చోబెట్టి అటుకులూ బెల్లం పెట్టింది. తిన్నాను. ఆకలేసింది. ఆ అటుకులు తిన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

పదో రోజున చుట్టాలందరి ముందూ నాన్నమ్మ గుండెలు బాదుకుంది. "మూడు నెల్లు అల్లినాది! నా కొడుకు ఒంటిమీదకి ఒక్క పూటైనా రానేదు. మద్దెలో ముడులెట్టీసినాదట! వల సెయ్యికి మనిసి సొక్కా అల్లడం ఏటి తెలుస్తాది?" అమ్మ తల దించుకుని వింది. నేను స్తంభం పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను కూడా. 'నేనే' అన్న రెండక్షరాలు అనకుండానే స్తంభం వెనక్కి జరిగాను.

ఒక స్వెట్టరు మనిషి ప్రాణం ఆపుతుందా అని పెద్దయ్యాక ఎంతమంది డాక్టర్లనో, ఎవరికోసమో అడుగుతున్నట్టు అడిగాను. ఆపదనే అన్నారు. ఎన్నో ఏళ్ళ ధూళి, ఎన్నో ఏళ్ళ చలి అన్నారు. నమ్మాను, నమ్మలేదు. కానీ చుట్టాల్లో ఆ మాట స్థిరపడిపోయింది. ఏటా నాన్న తద్దినానికి నాన్నమ్మ ఆ ముడుల కథ ఎత్తేది. ఆవిడ తరవాత మిగతావాళ్ళు. చివరికి పెళ్ళిళ్ళలో అమ్మని చూపించి "ఆవిడే, మొగుడి స్వెట్టరుకి ముడులేసినావిడ" అని చెప్పుకునేదాకా వచ్చింది. అమ్మకి రైల్వేలోనే చిన్న ఉద్యోగం ఇచ్చారు. ఆఫీసులో ఫైళ్ళు అందించి, మంచినీళ్ళు పెట్టి నన్ను చదివించింది. అల్లిక సూదులు మావుసికి తిరిగిచ్చేసింది. మళ్ళీ ఊలు పట్టలేదు, వల దారమూ పట్టలేదు.

రెండుసార్లు చెప్పబోయాను. నా పెళ్ళికి నలుగు పెట్టిన రోజు ఒకసారి. "అమ్మా, ఆ స్వెట్టరు..." అనగానే "పెళ్ళిపూట ఆ మాటేటి? మొకం ఇటు తిప్పు, పిండి ఆరిపోతంది" అంది. రెండోసారి నిరుడు, మంచమెక్కాక. "ఊలు సంగతి ఎత్తకే గుంటా. సల్లగుంది, ఆ తలుపెయ్యి," అంది. ఆ గాయం ఇంకా మానలేదు కాబోలు, కెలకడం దేనికని ఊరుకున్నాను. నా పిరికితనానికి అదో సాకు దొరికింది.

ఇవాళ మూట విప్పాను. వీపు ముక్క చెక్కుచెదరలేదు. ముందు ముక్క అడుగు సగం, అమ్మ తెంపడం ఆపేసిన చోట ఆపేసినట్టే ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెనక్కి తిప్పాను. నాలుగు ముడులు మిగిలాయి. ఎందుకో ఉల్లిపాయల వలసంచి కూడా తీసి పక్కన పెట్టాను. సంచిలో అమ్మ వేసిన ముడులు వందలున్నాయి. కొస ప్రతిదాన్లోనూ కుడివైపుకే. ఊలులో ఉన్న నాలుగింటికీ ఎడమవైపుకి.

బొటనవేలు రాసి చూశాను. నాలాంటి చేతగాని వేలికే తెలిసిపోయింది. పన్నెండేళ్ళకే తాతని మించిన వేలికి తెలియకపోవడమేమిటి? ఆ రోజు తలెత్తి నన్ను చూసేసరికే అమ్మకి అంతా తెలుసు. తెలిసే "నాదే తప్పు" అంది. తెలిసే నాన్నమ్మ ముందు తల దించుకుంది. బతికినన్నాళ్ళూ ఏటా ఆ మాట పడింది, ఒక్కసారి నా వైపు వేలు చూపిస్తే సరిపోయేదానికి. నేను చెప్పబోయిన రెండుసార్లూ నా నోరు మూయించింది కూడా అందుకే.

మావుసి వాళ్ళు రిటైరయ్యి ఎక్కడికెళ్ళారో తెలీదు. మా మనవలకి స్వెట్టర్లు కొట్లోంచి వస్తాయి, పొట్టయితే ఎవరికో ఇచ్చేస్తారు. విప్పి అల్లడమనేది ఒకటుండేదని చెబితే వింతగా చూస్తారు. భావనపాడులోనూ వలలు మిషను మీద అల్లినవి కొనుక్కుంటున్నారు. వాటి ముడులన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఏ మనిషి వేశాడో చెప్పడానికి ఏమీ ఉండదు. తాత వేలితో ముడి చదివే విద్య ఆ ఒడ్డున ఇంకెవరికైనా మిగిలిందో లేదో.

ఇన్నాళ్ళూ అమ్మకి చెప్పలేకపోయానని కుమిలాను. అమ్మకి చెప్పాల్సింది ఏమీ లేదని ఇవాళ తెలిసింది. చెప్పాల్సింది నాన్నమ్మకి, పదో రోజున ఆ వాకిట్లో కూర్చున్న చుట్టాలకి, పెళ్ళిళ్ళలో అమ్మ వెనక గుసగుసలాడిన వాళ్ళకి. నాన్నమ్మ లేదు, వాళ్ళలో చాలామంది లేరు. ఉన్నవాళ్ళ కంట పడుతుందేమోనని ఇది రాస్తున్నాను. మా నాన్న స్వెట్టరులో ఆ ముడులు మా అమ్మ వేసినవి కావు.